మంగళవారం మెయిళ్లు



ప్రతి సోమవారం ప్రజావాణి. జనగామలో, మహబూబాబాద్‌లో, భూపాలపల్లిలో కలెక్టరేట్ ముందు ఆ రోజు పొద్దున్నుంచే జనం. పలిమెల వైపు గోదావరి ఒడ్డు ఊళ్లవాళ్లు భూపాలపల్లి దాకా రావాలి. గంగారం, కొత్తగూడ గూడేలవాళ్లు మహబూబాబాద్‌కు రావాలి. ఆ రోజు కూలి పోతుంది, బస్సు చార్జీ మీద పడుతుంది, అయినా వస్తారు. అర్జీ ఇస్తారు, రసీదు తీసుకుంటారు, సాయంత్రం బస్సుకు వెళ్లిపోతారు. వాళ్లు వెళ్లాక ఆ అర్జీ ఎవరి చేతిలో పడుతుంది, అక్కడి నుంచి ఎంత తొందరగా కదులుతుంది అన్నదాని గురించి ఈ పూట మాట్లాడతాను. ఆఫీసు కంప్యూటర్లతో పనిచేసేవాళ్లు, ఆ పని నేర్చుకుంటున్న పిల్లలు కొంచెం దగ్గరగా వినమని మనవి.

ఒక జిల్లా ఆఫీసును ఊహించుకోండి. మంగళవారం పొద్దున ఆపరేటర్ కంప్యూటర్ ఆన్ చేస్తారు. నిన్నటి అర్జీల పట్టిక ఎక్సెల్‌లో ఉంది. దాన్ని మండలాలవారీగా విడదీసి ఎవరిది వాళ్లకు పంపాలి. మొదట బచ్చన్నపేట. ఫిల్టర్ పెట్టాలి, కనిపించిన వరుసలు కాపీ చేయాలి, కొత్త ఫైల్లో పేస్ట్ చేయాలి, పేరు పెట్టి సేవ్ చేయాలి. మెయిల్ తెరిచి ఆ మండల ఆఫీసు అడ్రస్ కొట్టాలి, సబ్జెక్ట్ రాయాలి, జతపరచిన పట్టికలోని అర్జీలపై తీసుకున్న చర్య తెలుపగలరు అని రాయాలి, ఫైలు అటాచ్ చేయాలి, పంపాలి. తరవాత చిల్పూరు. తరవాత దేవరుప్పుల. జనగామ జిల్లాలో 12 మండలాలు. భూపాలపల్లిలోనూ 12. మహబూబాబాద్‌లో 18. మధ్యలో ఫోన్ మోగుతుంది, సార్ పిలుస్తారు, కరెంటు పోతుంది. తిరిగొచ్చి కూర్చునేసరికి జఫర్‌గఢ్‌కు పంపామో లేదో గుర్తుండదు. కొడకండ్ల ఫైలు పాలకుర్తికి పోయిందనుకోండి, ఆ సంగతి ఎవరికీ వెంటనే తెలియదు. పాలకుర్తివాళ్లు ఇది మాది కాదని పక్కన పెడతారు. కొడకండ్లవాళ్లకు అసలు రానే రాలేదు. అర్జీ ఇచ్చిన మనిషి మాత్రం వచ్చే సోమవారం మళ్లీ బస్సెక్కుతాడు.

ఈ బరువు ఎలా పెరిగిందో ఒక మాట చెప్పుకోవాలి. 2016 అక్టోబరు 11న, దసరా నాడు, తెలంగాణలో జిల్లాలు 10 నుంచి 31 అయ్యాయి. పాత వరంగల్ జిల్లా 5 జిల్లాలైంది. 2019 ఫిబ్రవరి 17న భూపాలపల్లి నుంచి ములుగు కూడా విడిపోయింది. జనగామ కొత్త కలెక్టరేట్ 2022 ఫిబ్రవరి 11న, మహబూబాబాద్‌ది 2023 జనవరి 12న ప్రారంభమయ్యాయి. జనానికి ఆఫీసు దగ్గరైంది, అది నిజంగా మేలే. కానీ జిల్లా చిన్నదైనంత మాత్రాన రిపోర్టులు తగ్గవు. ఒకప్పుడు వరంగల్‌లో ఒకచోట తయారైన నెలవారీ నివేదిక ఇప్పుడు ఆరు చోట్ల తయారు కావాలి. ఒక్కో శాఖ తన ప్రొఫార్మా పంపుతుంది, సాయంత్రం 5 గంటల లోపు నింపి పంపండి అంటుంది. నింపేది ఒక్కరో ఇద్దరో ఆపరేటర్లు.

నేను చెప్పదలచుకున్నది ఇదీ. ఈ విడదీయడం, జోడించడం, అటాచ్ చేయడం, పంపడం కంప్యూటర్ తనంతట తాను చేయగల పని. దానికి కొత్త యంత్రం అక్కర్లేదు, టెండరు అక్కర్లేదు. ఇప్పటికే ఆ బల్ల మీద ఉన్న సాఫ్ట్‌వేర్‌తోనే అవుతుంది. ఏం చేయాలో వరుసగా రాసి కంప్యూటర్‌కు ఇస్తే దాన్ని స్క్రిప్ట్ అంటారు. ఒకసారి సరిగ్గా రాసి పెడితే మంగళవారం గంటల కొద్దీ పట్టే పని కొన్ని నిమిషాల్లో అవుతుంది. మిగిలిన సమయం కౌంటర్ ముందు నిలబడ్డ మనుషులకు దక్కాలి. నా పట్టుదలంతా దాని మీదే.

ఎక్సెల్‌లో ఇలా రాసుకునే వీలు 1993 నుంచీ ఉంది. ఆ ఏడాది వచ్చిన ఎక్సెల్ 5తో విజువల్ బేసిక్ ఫర్ అప్లికేషన్స్ అనే భాష కూడా వచ్చింది. వీబీఏ అంటారు. మనవాళ్లకు మ్యాక్రో అంటే ఇంకా బాగా తెలుస్తుంది. కోడ్ రాయడం రానివాళ్లకు కూడా ఎక్సెల్‌లో రికార్డ్ మ్యాక్రో అనే బటన్ ఉంది. అది నొక్కి పని ఒకసారి చేసి చూపిస్తే, చేసిందంతా అదే రాసుకుంటుంది. మొదలుపెట్టడానికి ఇంతకన్నా మంచి దారి లేదు. అయితే రికార్డు చేసిన మ్యాక్రో అలవాటైన బాటలో తలవంచుకు పోయే ఎద్దులాంటిది. మీరు చూపించిన రోజు పట్టికలో 140 వరుసలు ఉన్నాయనుకోండి. అది 140 అనే అంకెనే గుర్తుపెట్టుకోవచ్చు. వచ్చేవారం 170 అర్జీలు వస్తే చివరి 30 వదిలేస్తుంది. తప్పు జరిగిందని ఏ గంటా మోగదు. అందుకే రికార్డు చేశాక ఆ కోడ్ తెరిచి, పట్టిక ఎక్కడ అయిపోతుందో అక్కడిదాకా అని మార్చడం నేర్చుకోవాలి. ఆపరేటర్ ప్రోగ్రామర్ అయ్యేది ఆ ఒక్క మార్పు దగ్గరే.

మన మంగళవారం పనికి స్క్రిప్ట్ ఎలా నడుస్తుందో మాటల్లో చెబుతాను. మొదట ఒక చిన్న షీటు. అందులో రెండే కాలమ్‌లు, మండలం పేరు, ఆ ఆఫీసు మెయిల్ అడ్రస్. స్క్రిప్ట్ ఆ షీటులో పైనుంచి కిందికి దిగుతుంది. ఒక మండలం పేరు తీసుకుంటుంది. అర్జీల పట్టికలో ఆ పేరున్న వరుసలన్నీ ఏరి కొత్త ఫైల్లో పెడుతుంది. ఫైలుకు మండలం పేరు, తేదీ కలిపి పేరు పెడుతుంది. మెయిల్ తయారు చేసి, ఫైలు జతచేసి, కింది మండలానికి వెళ్తుంది. ఔట్‌లుక్ క్లాసిక్ వాడే ఆఫీసుల్లో ఇదంతా ఎక్సెల్ మ్యాక్రో నుంచే అవుతుంది. జీమెయిల్ వాడేచోట గూగుల్ షీట్స్‌లో ఎక్స్‌టెన్షన్స్ మెనూ కింద యాప్స్ స్క్రిప్ట్ అని ఉంటుంది, 2009 నుంచీ ఉంది, డబ్బు కట్టక్కర్లేదు. మామూలు ఉచిత ఖాతా నుంచి దానితో రోజుకు 100 మందికి మెయిల్ పంపవచ్చు, ఒక్కసారి నడిస్తే 6 నిమిషాల్లో పని ముగించాలి. 12 మండలాలకైనా 18 మండలాలకైనా అది ధారాళంగా సరిపోతుంది. ప్రతి మంగళవారం పదింటి ప్రాంతంలో నువ్వే లేచి నడువు అని దానికి టైము కూడా పెట్టవచ్చు.

ఇక్కడ ఒక జాగ్రత్త. మెయిల్ తయారయ్యాక దాన్ని ఏం చేయాలన్నది స్క్రిప్ట్‌లో ఒక్క మాట మీద ఉంటుంది. ఔట్‌లుక్‌లో సెండ్ అని రాస్తే వెళ్లిపోతుంది, డిస్‌ప్లే అని రాస్తే తెర మీద తెరిచి ఆగుతుంది. జీమెయిల్‌లో అయితే పంపకుండా డ్రాఫ్టుల్లో పెట్టే వీలుంది. మొదటి కొన్ని వారాలు సెండ్ అనే మాట మీ స్క్రిప్ట్‌లో కనిపించనే కూడదు. పన్నెండు మెయిళ్లూ తయారై తెర మీద నిలబడాలి, మనిషి ఒక్కొక్కటీ చూసి తన చేత్తో పంపాలి. చేత్తో పంపే తప్పు ఒక మండలానికి పోతుంది. స్క్రిప్ట్ చేసే తప్పు ఒక్క క్షణంలో అన్ని మండలాలకూ పోతుంది.

ఇంకొకటి, ఇది లెక్కకు సంబంధించింది. పెద్ద పట్టికలో ఎన్ని అర్జీలున్నాయో స్క్రిప్ట్ ముందే లెక్కపెట్టాలి. చివర్లో మండలాలకు విడదీసిన వరుసలన్నీ కూడి చూడాలి. రెండూ సమానమైతేనే మెయిళ్లు తయారు చేయాలి. 143 వచ్చి 141 మాత్రమే పంచగలిగితే ఆగిపోయి, ఆ రెండు వరుసలూ వేరే షీటులో చూపించాలి. ఆ రెండింట్లో మండలం పేరు ఉండాల్సిన చోట తండా పేరో, గూడెం పేరో ఉండి ఉంటుంది. అర్జీ రాసినవాళ్లకు తమ ఊరే తెలుసు, అది ఏ మండలం కిందికి వచ్చిందో తెలియకపోవచ్చు. జిల్లాలు, మండలాలు ఇన్ని మార్పులు చూసినచోట అది వాళ్ల తప్పు కాదు. అప్పుడు మనిషి ఫోన్ తీసి అర్జీలో ఉన్న నంబరుకు చేసి అడగాలి. 141 అర్జీల చాకిరీ తప్పింది కాబట్టే ఆ రెండు ఫోన్లకు తీరిక దొరుకుతుంది.

పేర్ల సంగతి వచ్చింది కాబట్టి అక్కడ కాసేపు ఆగుదాం. ఎందుకంటే మన జిల్లాల్లో స్క్రిప్ట్‌లు ఎక్కువగా దెబ్బతినేది పేర్ల దగ్గరే.

ఘన్‌పూర్ తీసుకోండి. జనగామ జిల్లాలో స్టేషన్ ఘన్‌పూర్ ఉంది. భూపాలపల్లి జిల్లాలో ఇంకో ఘన్‌పూర్ ఉంది, రికార్డుల్లో పక్కన ములుగు అని రాస్తారు. ములుగు ఇప్పుడు వేరే జిల్లా. పట్టికలో ఘన్‌పూర్ అని మాత్రమే ఉంటే మనకు సందర్భం తెలుస్తుంది, స్క్రిప్ట్‌కు తెలియదు. పాలకుర్తిని ఇంగ్లిషులో కొందరు చివర ఐ పెట్టి, కొందరు వై పెట్టి రాస్తారు. జనగామకైతే ఇంగ్లిషులో ఎన్ని స్పెల్లింగులు చూశానో. కంప్యూటర్ దృష్టిలో ఇవన్నీ వేరువేరు ఊళ్లు.

తెలుగులో రాస్తే ఈ బాధ పోతుందా అంటే, అక్కడ ఇంకా సూక్ష్మమైన చిక్కు ఉంది. ఘన్‌పూర్ అని టైప్ చేసేటప్పుడు న పొల్లుకు, ప అక్షరానికి మధ్య కంటికి కనిపించని ఒక సంకేతం పడుతుంది. అది లేకపోతే ప వెళ్లి నకారం కింద వత్తుగా చేరిపోతుంది. అది అక్కడ ఉండాల్సిందే. కానీ కొన్ని టైపింగ్ పద్ధతుల్లో, కొన్ని పత్రికల పాఠాల్లో అదే సంకేతం పదం చివర, ర పొల్లు తరవాత కూడా వస్తుంది. తెర మీద చూస్తే రెండు ఘన్‌పూర్‌లూ అచ్చం ఒక్కటే. ప్రింటు తీసినా ఒక్కటే. స్క్రిప్ట్ మాత్రం ఒకదాంట్లో ఒక సంకేతం ఎక్కువుందని రెండింటినీ వేరు చేస్తుంది. మామూలుగా ఖాళీలు తీసేయడానికి వాడే ట్రిమ్ దీన్ని తీయదు. యూనికోడ్‌లో దాని సంఖ్య 8204. పోల్చడానికి ముందు రెండు పేర్లలోంచీ ఆ 8204ను తీసేయమని స్క్రిప్ట్‌లో ఒక లైను రాస్తే సరిపోతుంది. ఆ లైను తెలియక అరపూట తల పట్టుకుని కూర్చున్నవాళ్లు ఇది వింటుంటే వాళ్లకిది ఉపయోగపడాలని ఇంత వివరంగా చెబుతున్నాను.

ఊళ్ల పేర్ల చిక్కుకు శాశ్వత పరిష్కారం కూడా ఉంది. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ నిర్వహించే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో దేశంలోని ప్రతి జిల్లాకూ, మండలానికీ, ఊరికీ ఒక కోడ్ నంబరు ఉంది. పట్టికలో పేరు పక్కన ఆ కోడ్ ఒక కాలమ్‌గా పెట్టుకుంటే, పేరు ఎవరు ఎలా రాసినా స్క్రిప్ట్ దారి తప్పదు.

తెలుగు అక్షరాల మాట ఎత్తాక బమ్మెర తలుచుకోకుండా ముందుకు పోలేను. పోతన ఊరు బమ్మెర ఇదే జనగామ జిల్లా పాలకుర్తి మండలంలో ఉంది. తెలుగుకు యూనికోడ్ ఫాంట్లు కరువైన కాలంలో తిరుమల కృష్ణ దేశికాచార్యులు తయారు చేసి అందరికీ ఉచితంగా ఇచ్చిన ఫాంట్ పేరు పోతన 2000. అలాంటివాళ్ల శ్రమ వల్లే ఈ రోజు తెలుగులో ఉన్న పేరును వెతకమని స్క్రిప్ట్‌కు చెప్పగలుగుతున్నాం. పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన ఫైళ్లలో ఆ వీలు లేదు. తెర మీద తెలుగు కనిపిస్తుంది, లోపల ఉన్నవి ఇంగ్లిషు అక్షరాల సంకేతాలు. వాటిని యూనికోడ్‌లోకి మార్చకుండా ఏ స్క్రిప్టూ చదవలేదు. ఇప్పటికీ ఒక లోపం మిగిలే ఉంది. ఎక్సెల్ మ్యాక్రో రాసే కిటికీలో తెలుగు కొడితే ప్రశ్నార్థకాలు పడతాయి. అందుకే మండలాల పేర్లను కోడ్‌లో రాయకుండా షీటులో పెట్టమన్నాను. పైథాన్ భాషలో ఆ ఇబ్బంది లేదు. అందులో వివరణలే కాదు, వేరియబుల్ పేర్లు కూడా తెలుగులో పెట్టుకోవచ్చు. గూగుల్ యాప్స్ స్క్రిప్ట్ కూడా తెలుగును హాయిగా తీసుకుంటుంది.

ఇక భూముల పట్టికలు. రైతులకు ఈ సంగతి తెలియాలి. సర్వే నంబరు 12/3 అని ఎక్సెల్ గడిలో కొడితే, అది దాన్ని మన పద్ధతి ప్రకారం మార్చి నెల 12వ తేదీ అనుకుంటుంది. తేదీగా మార్చేస్తుంది. లోపల 12, 3 రెండూ పోయి, 1900 నుంచి లెక్కపెట్టిన రోజుల సంఖ్య మిగులుతుంది. 2025లో కొట్టి ఉంటే ఆ సంఖ్య 45728. అదే 143/2 అని కొడితే ఏమీ కాదు, ఎందుకంటే అది ఏ తేదీకీ సరిపోదు. దీని ప్రమాదమంతా అక్కడే ఉంది. పట్టికలో చాలా నంబర్లు సరిగ్గా ఉంటాయి, చిన్న నంబర్లు కొన్ని మాత్రం చెడిపోతాయి. పైపైన చూసి అంతా బాగుందనుకుంటాం. బ్యాంకు ఖాతా నంబర్లకూ ఇదే గతి. ఎక్సెల్ ఒక సంఖ్యలో 15 అంకెలనే గుర్తుంచుకుంటుంది. 16 అంకెల ఖాతా అయితే చివరి అంకెను సున్నా చేస్తుంది, ముందు సున్నాలుంటే తీసేస్తుంది. డబ్బు ఆ ఖాతాకు చేరదు. నివారణ తేలికే. సర్వే నంబరు, ఖాతా, ఆధార్, ఫోన్ కాలమ్‌లను నింపకముందే టెక్స్ట్ అని మార్చాలి. నింపాక మారిస్తే లాభం లేదు, అసలు సంఖ్య అప్పటికే పోయింది.

ఇది మన ఊరి అమాయకత్వం అనుకోకండి. జన్యుశాస్త్రవేత్తల పట్టికల్లో మార్చ్, సెప్ట్ అని మొదలయ్యే జన్యువుల పేర్లను ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తూ వచ్చింది. చివరికి 2020లో మానవ జన్యువులకు పేర్లు నిర్ణయించే సంఘం ఆ జన్యువుల పేర్లనే మార్చాల్సి వచ్చింది. అదే ఏడాది ఇంగ్లండులో సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 మధ్య 15,841 కోవిడ్ కేసులు జాతీయ లెక్కలోకి ఎక్కకుండా పోయాయి. ల్యాబుల ఫలితాలను ఎక్సెల్ పాత ఫార్మాట్ ఫైళ్లలోకి చేర్చే ఏర్పాటు అది. పాత ఫార్మాట్‌లో 65,536 వరుసలే పడతాయి, మిగిలినవి చప్పుడు లేకుండా రాలిపోయాయి. ఆ రోగుల దగ్గర తిరిగినవాళ్లను హెచ్చరించడం అన్ని రోజులు ఆలస్యమైంది. కొత్త ఫార్మాట్‌లో 10,48,576 వరుసలు పడతాయి. మన ఆఫీసుల్లో ఏళ్లనాటి ప్రొఫార్మాలు పాత ఫార్మాట్‌లోనే తిరుగుతుంటే, ఈ వారమే వాటిని తెరిచి కొత్త దాంట్లో సేవ్ చేసుకోండి.

విడదీసి పంపడం సగం పనే. జవాబులు తిరిగొచ్చినప్పుడు వాటిని కలపాలి. అందుకు ఎక్సెల్‌లోనే పవర్ క్వెరీ ఉంది. 12 ఫైళ్లూ ఒక ఫోల్డర్‌లో వేసి ఆ ఫోల్డర్‌ను చూపిస్తే ఒకే పట్టికగా కలుపుతుంది, కోడ్ రాయనక్కర్లేదు. కానీ వచ్చే జవాబులు ఎలా ఉంటాయి? ఒకరు మధ్యలో ఒక కాలమ్ చేరుస్తారు. ఒకరు అందం కోసం రెండు గడులు కలిపేస్తారు. ఒకరు తేదీ స్థానంలో త్వరలో అని రాస్తారు. ఒకరు ప్రింటు తీసి, సంతకం పెట్టి, ఫోన్‌తో ఫొటో తీసి వాట్సాప్‌లో పంపుతారు. ఇక్కడ ఆపరేటర్ చేయగలిగింది తక్కువ. అధికారి చెప్పాలి. ప్రొఫార్మాకు తాళం వేసి పంపాలి, మండలం పేరు టైప్ చేయకుండా జాబితాలోంచి ఎంచుకునేట్టు పెట్టాలి, ఫొటో వస్తే తీసుకోం, ఫైలే పంపండి అని ఒక్కసారి గట్టిగా చెప్పాలి. స్క్రిప్ట్ రాయడానికి ఒక పూట పడితే ఈ క్రమశిక్షణ రావడానికి నెలలు పడుతుంది. అందుకే ముందు దీనితో మొదలుపెట్టమంటాను.

చేరిన వివరాల్లో తప్పులు పట్టడానికీ స్క్రిప్ట్ పనికొస్తుంది. ప్రజాపాలన కార్యక్రమంలో జనం ప్రభుత్వానికి ఇచ్చిన దరఖాస్తులు గుర్తున్నాయి కదా. 2023 డిసెంబరు 28 నుంచి 2024 జనవరి 6 దాకా రాష్ట్రమంతా కలిపి 1 కోటి 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. అన్నీ కాయితాల మీద, చేతిరాతలో. సంక్రాంతి దినాల్లో ఆపరేటర్లు కూర్చుని వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించారు. చేతిరాత చదివి ఎక్కించే ఆ శ్రమను మామూలు స్క్రిప్ట్ తగ్గించలేదు. కానీ ఎక్కించాక ఆధార్‌లో 12 అంకెలున్నాయా, ఒకే నంబరు రెండుసార్లు పడిందా, ఫోన్ నంబరు పది అంకెలేనా అని వెతకడం మాత్రం స్క్రిప్ట్‌కు క్షణాల పని. అలసిన కళ్లకు అది దొరకదు.

భద్రత గురించి కఠినంగానే చెబుతాను. మ్యాక్రోలతో మేలు ఎంత ఉందో చెరుపూ అంతే ఉంది. 1999 మార్చిలో మెలిస్సా అనే వైరస్ వర్డ్ ఫైలులో మ్యాక్రోగా వచ్చి, తెరిచినవాళ్ల అడ్రస్ పుస్తకంలో మొదటి 50 మందికి తనను తాను మెయిల్ చేసుకుంది. 2000 మే నెలలో ఫిలిప్పీన్స్ నుంచి ఐ లవ్ యూ అనే పేరుతో ఇంకోటి ప్రపంచమంతా పాకింది. అది కూడా స్క్రిప్టే, ఔట్‌లుక్‌ను వాడుకుని మెయిళ్లు పంపింది. మనం మంగళవారం చేయించుకునే పనినే అవి దొంగచాటుగా చేశాయి. ఇలాంటి దాడుల వల్లే 2022లో మైక్రోసాఫ్ట్ ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైళ్లలో మ్యాక్రోలను మొదటే ఆపేసే ఏర్పాటు చేసింది. అలా ఆపినప్పుడు ఫైలు పైన వచ్చే ఎర్ర పట్టీ కనిపిస్తే దాన్ని దాటే ఉపాయం వెతక్కండి. డేటా బయటి నుంచి రావచ్చు. స్క్రిప్ట్ మాత్రం మీ ఆఫీసులో రాసింది, మీరు చదివింది అయి ఉండాలి. పాస్‌వర్డ్‌ను స్క్రిప్ట్‌లో రాయకండి. ప్రభుత్వ పోర్టళ్లలో మనిషిలా నటించి బటన్లు నొక్కే ప్రోగ్రాములు ఎవరైనా ఇస్తామంటే తీసుకోకండి. పోర్టల్‌లో మీ లాగిన్‌తో జరిగే ప్రతి మార్పుకూ బాధ్యులు మీరే.

మంచి స్క్రిప్ట్ జనం వివరాలను కాపాడుతుంది కూడా. తీరిక లేని రోజున చాలామంది చేసేది ఏమిటంటే, జిల్లా పట్టిక మొత్తాన్ని అన్ని మండలాలకూ పంపి మీ వరుసలు మీరు చూసుకోండి అంటారు. అప్పుడు గూడూరు మనిషి ఫోన్ నంబరు, ఆధార్, కుటుంబ తగాదా సంగతులు మరిపెడలో, డోర్నకల్‌లో అందరి కంప్యూటర్లలోకీ చేరిపోతాయి. వ్యక్తుల డిజిటల్ సమాచార రక్షణకు 2023లో పార్లమెంటు చట్టమే చేసింది. చట్టం సంగతి అటుంచినా, తన కష్టం చెప్పుకోవడానికి వచ్చిన మనిషి దాన్ని పద్దెనిమిది ఆఫీసులకు చెప్పుకోలేదు. ఎవరి వరుసలు వాళ్లకే పంపడం చేత్తో కష్టం, స్క్రిప్ట్‌తో సులువు.

ఇదంతా వింటే, కంప్యూటరే అన్నీ చేస్తే మమ్మల్ని ఎందుకు ఉంచుతారని ఔట్‌సోర్సింగ్ మీద పనిచేసే ఆపరేటర్‌కు భయం కలుగుతుంది. ఆ భయం న్యాయమైనదే, నేను తేలిగ్గా తీసేయను. తన తెలివితో తన పనిని తేలిక చేసుకున్న మనిషికి ఇంకో సెక్షన్ చాకిరీ అంటగట్టినా, ఇక నీ అవసరం లేదన్నా, రేపటి నుంచి ఎవరూ స్క్రిప్ట్ రాయరు, రాసినా చెప్పరు. రాసినవాళ్ల పేరు దాని మీద ఉండాలి. మిగిలిన సమయం అర్జీల వెంట పడటానికి, పెండింగ్‌లో ఉన్నవాటి గురించి మండలాలకు ఫోన్ చేయడానికి వాళ్లకే ఇవ్వాలి. ఆ పని ఏ స్క్రిప్టూ చేయదు, ఈ రోజు చేసే తీరిక ఎవరికీ లేదు.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడు పట్టణాల్లోనూ డిగ్రీ కాలేజీలున్నాయి, కాకతీయ యూనివర్సిటీ కింద బీకాం కంప్యూటర్స్ చదివే పిల్లలున్నారు. వాళ్ల ప్రాజెక్టులు ఎక్కడో హైదరాబాద్‌లో కొన్న సీడీల నకళ్లు కాకుండా, పక్కనే ఉన్న మండల ఆఫీసు ప్రొఫార్మా తీసుకుని, కల్పిత పేర్లు నింపి, దాన్ని విడదీసి పంపే స్క్రిప్ట్ అయితే ఎంత బాగుంటుంది. సింగరేణి లాంటి పెద్ద సంస్థలు తమ సాఫ్ట్‌వేర్ తామే చూసుకోగలవు. ఈ నేర్పు కావలసింది బడికి, మండల ఆఫీసుకు, జనగామ రైస్ మిల్లుకు, కేసముద్రం మార్కెట్‌లో అడ్తి దుకాణానికి. ఆ పిల్లలకు ఊళ్లోనే నాలుగు రూపాయలు తెచ్చిపెట్టే నేర్పు కూడా ఇదే.

అధికారులకు ఒక విన్నపం చేసి ముగిస్తాను. ఇలా రాసిన స్క్రిప్ట్‌లు చాలాచోట్ల రాసిన మనిషితోనే పోతున్నాయి. కాంట్రాక్టు అయిపోతుంది, లేదా బదిలీ అవుతుంది. కొత్తగా వచ్చినవాళ్లకు ఆ ఫైలు ఏం చేస్తుందో తెలియదు, మళ్లీ ఫిల్టర్, కాపీ, పేస్ట్ మొదలవుతుంది. చార్జి అప్పగించేటప్పుడు బీరువా తాళాలు, రిజిస్టర్లు, సీళ్లు పట్టికగా రాసి ఇద్దరూ సంతకాలు చేస్తారు కదా. ఆ పట్టికలో ఇంకో మూడు లైన్లు చేర్చండి. స్క్రిప్ట్ ఏ ఫోల్డర్‌లో ఉంది, ఏ పని చేస్తుంది, చివరిసారి ఎప్పుడు ఏం మార్చారు. ఆ మూడో లైను ఖాళీగా కనిపిస్తే సంతకం పెట్టే ముందు అడగండి.